రహీం సాబ్ ఎవరో మన పిల్లలకు ఎందుకు తెలియదు?

హనుమకొండ_పీఈటీ
మా స్కూల్ ఫుట్‌బాల్ టీమ్ పిల్లలకు ప్రపంచంలో ఉన్న కోచ్‌లందరూ తెలుసు. గార్డియోలా ఏ క్లబ్బులో ఏం గెలిచాడో, ఫెర్గూసన్ మాంచెస్టర్‌ను ఎలా నడిపాడో గుక్క తిప్పుకోకుండా చెప్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదు. పిల్లలు కదా అని స్టాఫ్ రూమ్‌లో అడిగాను. అక్కడా అంతే. ఒకాయన "క్రికెటరా?" అన్నారు.

కడుపు మండి రాస్తున్నా. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియా బంగారు పతకం గెలిచింది ఇప్పటిదాకా రెండేసార్లు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ కోచ్ ఈయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఈయనే. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, వృత్తికి బడిపంతులు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. జకార్తా గెలిచాక ఏడాది కూడా బతకలేదు.

బడిలో పాఠం చెప్పుకుంటూ దేశం టీమ్‌ను తయారుచేసిన మనిషి. అదీ మన హైదరాబాద్ మనిషి. ఆయన పేరు మన బడుల్లోనే వినపడకపోతే ఎట్లా? పెద్దవాళ్ల నోట విన్న సంగతులు, ఆయన ఆట నేర్పిన పద్ధతులు ఎవరికైనా తెలిస్తే రాయండి. పిల్లలకు చెప్పాలి.

ఓరుగల్లు_10
2024లో అజయ్ దేవగన్ చేసిన హిందీ సినిమా ఉంది కదా సార్. అది వేసి చూపించండి, పనైపోతుంది.

కాజీపేట_లోకో
సినిమా చూపిస్తే ఆయన ఉన్నాడని తెలుస్తుంది. సినిమాకు కథ కావాలి కాబట్టి కన్నీళ్లు, గొడవలు, ఆఖరి మ్యాచ్ ముందుకొస్తాయి. రోజూ పొద్దున గ్రౌండ్‌లో ఆ పిల్లలతో ఏం చేయించాడన్నది రెండున్నర మూడు గంటల్లో ఎక్కడ చెప్తారు? పీఈటీ సార్‌కు కావాల్సింది అదే.

మా బాపు లోకో షెడ్డులో పనిచేశాడు, రైల్వే గ్రౌండ్‌లో ఆడేవాడు. వాళ్ల జమానాలో ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ టీమే. రహీం సాబ్ 1950లో ఆ టీమ్‌ను చేతిలోకి తీసుకున్నారు. బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు వాళ్లదే.

సుబేదారి_శ్రీను
ఐదుసార్లా? వరుసగా?

కాజీపేట_లోకో
వరుసగానే తమ్మీ. కలకత్తా క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఊపు మీదున్న రోజుల్లో. 1950లో డ్యూరాండ్ కప్ కూడా పోలీసోళ్లే కొట్టారు, ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించి. బాపు ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ కుర్చీలోంచి లేచి నిలబడతాడు.

లెక్క_తేలాలి
నేను రహీం గారికి వ్యతిరేకం కాదు. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పాలి. మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం అంటారు గానీ మనం గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. మొదటి రౌండ్‌లో హంగరీతో ఆడాలి, వాళ్ల దేశంలో తిరుగుబాటు జరిగి, సోవియట్ సైన్యం దిగి, హంగరీ టీమే రాలేదు. మనం ఆడకుండానే క్వార్టర్స్‌కు వెళ్లాం. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. మొత్తం టోర్నీలో ఉన్న టీమ్‌లే పదకొండు.

ఓరుగల్లు_10
అన్నా, పండగ పూట ఈ లెక్కలు ఎందుకు?

లెక్క_తేలాలి
పండగ ఎక్కడుంది తమ్మీ? సార్ అడిగింది నిజాలు. రేపు ఏ పిల్లవాడో ఫోన్‌లో వెతికి "సార్, ఒక్క మ్యాచే గెలిచారంట" అంటే సార్ ఏం చెప్పాలి?

మామునూర్_మిడ్‌ఫీల్డ్
ఏం చెప్పాలో నేను చెప్తా. అంతకు నాలుగేళ్ల ముందు, 1952 హెల్సింకిలో అదే యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. మన వాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆ చలిలో ఆడారు. ఆ టీమ్‌కూ కోచ్ రహీం సాబే. అంత ఘోరమైన ఓటమి తర్వాత కోచ్‌ను సాగనంపడం మామూలు. ఆయనను ఉంచారు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది.

ఇప్పుడు మెల్‌బోర్న్ సెమీఫైనల్ చూడండి. హాఫ్‌టైమ్‌కు 0-0. రెండో సగం మొదలవగానే నెవిల్ డిసౌజా గోల్ కొట్టి మనకు ఆధిక్యం ఇచ్చాడు. ఒలింపిక్ సెమీస్‌లో ఇండియా యుగోస్లావియా మీద 1-0! తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు, అది వేరే సంగతి. పది గోల్స్ తిన్న టీమ్ మీద నాలుగేళ్లలో ముందంజలోకి వెళ్లడం ఒక మ్యాచ్ గెలుపు కంటే పెద్ద విషయం నా దృష్టిలో. ఆస్ట్రేలియా మీద నెవిల్ కొట్టిన హ్యాట్రిక్ ఒలింపిక్స్‌లో ఆసియా ఆటగాడు కొట్టిన మొదటి హ్యాట్రిక్.

లెక్క_తేలాలి
1952 యుగోస్లావియా వేరు, 1956లో వచ్చిన టీమ్ వేరు. అయినా మీ మాటలో బలం ఉంది. పిల్లలకు 10-1 కూడా చెప్పండి, దాచొద్దు.

హనుమకొండ_పీఈటీ
తప్పకుండా చెప్తా. నిజానికి మా పిల్లలకు ఎక్కువ పనికొచ్చేది అదే. జోనల్స్‌లో ఐదు గోల్స్ తిని వచ్చి బూట్లు మూలకు పడేసిన వాళ్లున్నారు.

ఓరుగల్లు_10
బ్రెజిల్ కంటే ముందే 4-2-4 (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) ఆడించింది రహీం సాబేనంట. ఇది కూడా రాసుకోండి సార్.

లెక్క_తేలాలి
ఇదిగో, మళ్లీ మొదలు. 1953లో హంగరీ వెంబ్లీకి వెళ్లి ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసింది. సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్కుటిని వెనక్కి లాగి ఆడించారు, అతన్ని ఎవరు పట్టుకోవాలో ఇంగ్లండ్ డిఫెండర్లకు అర్థం కాలేదు. 4-2-4కు బీజం అక్కడుంది. రహీం కనిపెట్టారనడం సరికాదు.

మామునూర్_మిడ్‌ఫీల్డ్
కనిపెట్టారని నేను అనను. కానీ ఆ రోజులు ఊహించుకోండి. టీవీ లేదు, మ్యాచ్ వీడియోలు లేవు. మన దేశంలో చాలా టీమ్‌లు వెనక ఇద్దరే బ్యాకులతో పాత పద్ధతిలో ఆడుతున్నాయి. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి యూరప్‌లో ఆట ఎటు పోతోందో పట్టుకుని, మన వాళ్ల ఒంటికి తగ్గట్టు మార్చి, మెల్‌బోర్న్‌లో ఆడించాడు. బ్రెజిల్ 4-2-4తో ప్రపంచకప్ గెలిచింది 1958లో. ఎవరు మొదలన్న తగువు నాకు అక్కర్లేదు, ఆయన వెనకబడి లేడన్నది నాకు చాలు.

చౌరస్తా_లెఫ్ట్‌బ్యాక్
వెనక నలుగురు, ముందు నలుగురు, మధ్యలో ఇద్దరే. ఆ ఇద్దరి ఊపిరి ఆగిపోదా?

మామునూర్_మిడ్‌ఫీల్డ్
బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని తిరిగితే ఆగిపోతుంది. అందుకే ఆయన ఒకే టచ్‌తో పాస్ ఇవ్వడం మీద అంత పట్టుపట్టారు. బంతి పరిగెడితే మనిషికి అలసట తక్కువ. మన వాళ్లు యూరప్ వాళ్ల కంటే పొట్టి, బరువు తక్కువ. భుజం భుజం రాసుకుని గెలవలేరు.

కరీంనగర్_పాత_పేపర్లు
పీఈటీ సార్ అడిగిన అసలు ప్రశ్నకు వస్తా. రహీం సాబ్ పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నచ్చేది, ఆయన టోర్నమెంట్ రూల్స్‌తోనే ఆట నేర్పించడం.

హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టించారు. బంతి అందగానే ఇంకొకరికి ఇవ్వాలి, ఒక్కడే లాక్కుని పోవడం కుదరదు. ఇంకో రకం టోర్నమెంట్‌లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడి కాలి వాడు ఎడమతో, ఎడమ కాలి వాడు కుడితో. "రెండు కాళ్లతో ప్రాక్టీస్ చెయ్ రా" అని కోచ్ ఎన్నిసార్లు అరిచినా పిల్లవాడు కోచ్ తల తిప్పగానే తన కాలికే మార్చుకుంటాడు. కప్పు కోసం ఆడే మ్యాచ్‌లో రూలే అది అయితే? ఇంటి దగ్గర గోడకు కొట్టి మరీ నేర్చుకుంటాడు. కోచ్ అక్కడ లేకున్నా కోచింగ్ నడుస్తుంది.

ఇది ఆయనకు ఎలా కుదిరిందో కూడా చూడాలి. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ ఆయనే. పోలీస్ టీమ్ కోచ్‌గా పదకొండు మందిని తయారుచేయగలరు, సెక్రటరీగా నగరంలో ఆడే ప్రతి పిల్లవాడి ఆటను మార్చగలరు. రెండూ చేశారు. హైదరాబాద్ నుంచి అంతమంది ఒకేసారి పుట్టుకురావడానికి కారణం అదేనని నేను నమ్ముతా. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. మెల్‌బోర్న్ టీమ్‌లో వీళ్లంతా మన వాళ్లే.

గోదావరిఖని_గోలీ
బలహీనమైన కాలితోనే కొట్టాలా! ఇంత మంచి రూల్ గోల్‌కీపర్ల కోసం ఎవరూ పెట్టలేదు. సార్, టోర్నీ పెడితే మొదటి పేరు నాదే రాసుకోండి.

సుబేదారి_శ్రీను
గోలీ అన్నా, నీ వైపు వచ్చే బంతులే ఉండవు ఇక. కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

గోదావరిఖని_గోలీ
సరే నవ్వింది చాలు, తంగరాజ్ గురించి ఒక మాట. పీటర్ తంగరాజ్ హైదరాబాద్ రాష్ట్రంలో పుట్టినవాడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడేవాడు, ఆర్మీలో చేరాక గోల్‌కీపర్ అయ్యాడు. 1962లో జ్వరంతో ముందు మ్యాచ్‌లు ఆడలేదు. ఫైనల్‌కు రహీం సాబ్ అతన్నే దింపారు. బాగా ఆడుతున్న కీపర్‌ను పక్కనపెట్టి, మంచం దిగి వచ్చిన వాణ్ని ఫైనల్లో నిలబెట్టడానికి ఎంత ధైర్యం కావాలో పోస్టు మధ్య నిలబడినవాడికే తెలుస్తుంది.

జనగామ_టు_సికింద్రాబాద్
పైన పేపర్లు అన్న రాసిన పేర్లలో బలరాం దగ్గర ఆగాలి. తులసీదాస్ బలరాం అమ్ముగూడ పిల్లవాడు. తమిళ కుటుంబం, పేద ఇల్లు. రహీం సాబ్ ఆయన ఆట చూసి సిటీకి ప్రాక్టీస్‌కు రమ్మంటే అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిల్ అద్దెకు డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని బలరాం గారే చెప్పుకున్నారు.

ఆ సైకిల్ పిల్లవాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1962 బంగారు పతకం టీమ్‌లో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట వదిలేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో కన్నుమూశారు. అర్జున ఇచ్చారు, పద్మశ్రీ ఇవ్వలేదు. ఆయన బతికి ఉండగా మన తెలుగు పేపర్లలో ఆయన మీద వచ్చినవి ఎన్ని? కలకత్తాలో ఆయన పేరు చెప్తే టీ కొట్టు వాడు కూడా గుర్తుపడతాడు.

మంచిర్యాల_మాజీ
అందరూ భావోద్వేగంగా రాస్తున్నారు, నాదొక వేరే మాట. రహీం గారు గొప్పవారు, అందులో అనుమానం లేదు. కానీ ఆయన ఆట హైదరాబాద్, సికింద్రాబాద్ దాటిందా? కంటోన్మెంట్‌లో తెల్లవాళ్ల పటాలాలు ఉన్నాయి కాబట్టి సికింద్రాబాద్‌కు ఫుట్‌బాల్ వచ్చింది. పోలీస్ శాఖలో ఉద్యోగాలు ఇచ్చారు కాబట్టి సిటీ టీమ్ నిలబడింది. మన వైపు చూస్తే రైలు ఉన్న కాజీపేట, బొగ్గు ఉన్న బెల్లంపల్లి, గోదావరిఖని. అక్కడ తప్ప ఎక్కడ ఆడారు? మా ఊళ్లో వాలీబాల్, కబడ్డీ. మన జిల్లాల పిల్లలకు రహీం తెలియదంటే వాళ్ల తప్పు కాదు, ఆ ఆటే మన దాకా రాలేదు.

జనగామ_టు_సికింద్రాబాద్
ఒప్పుకోను అన్నా. అమ్ముగూడ అప్పట్లో పల్లె. అక్కడి పిల్లవాణ్ని సిటీకి తెచ్చింది రహీం సాబ్ కన్నే కదా.

మంచిర్యాల_మాజీ
అమ్ముగూడ నుంచి సిటీకి సైకిల్ మీద రావచ్చు తమ్మీ. ఆసిఫాబాద్ నుంచి రాలేరు. అద్దె ఎవరిచ్చినా సరే.

కాజీపేట_లోకో
మాజీ అన్న మాట చేదుగా ఉన్నా నిజం ఉంది. బాపు కూడా ఇదే అంటాడు. కాజీపేటలో మంచి ఆటగాళ్లు ఉండేవాళ్లంట, రైల్వే మీట్‌లకు పోయి గెలిచి వచ్చేవాళ్లంట. వాళ్లను చూసి పైకి తీసుకుపోయే మనిషి మాత్రం రాలేదు. రహీం సాబ్ ఒక్కడే. ఎన్ని ఊళ్లు తిరుగుతాడు?

తొర్రూర్_అమ్మాయి
ఇంతసేపు చదివాను, ఒక్కరూ ఆడపిల్లల మాట ఎత్తలేదు. నేను చదివిన బడిలో ఫుట్‌బాల్ మగపిల్లలకే. మేము గ్రౌండ్ చివర ఖోఖో ఆడుకోవాలి. బంతి మా వైపు దొర్లి వస్తే తన్నినందుకు తిట్లు తిన్నాను. నాకు ఆ ఆట అంటే ప్రాణం, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా చదువు అయిపోయింది.

నిజామాబాద్_వింగ్
అక్కా, మా జిల్లా వైపు చూడు. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. పరుగుపందేల నుంచి ఫుట్‌బాల్‌కు వచ్చింది. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది, ఇండియాకు ఆడుతోంది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2025లో ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే. మాజీ అన్న అన్నట్టు ఆట మన జిల్లాలకు రాలేదంటే, ఈ పిల్ల ఎక్కడి నుంచి వచ్చినట్టు? నిజామాబాద్‌లో ఒక కోచ్ పట్టుదలగా నిలబడ్డాడు, వచ్చింది.

తొర్రూర్_అమ్మాయి
సౌమ్య ఆట చూస్తాను. ఆమె బంతి తీసుకుని వింగ్ మీద పరిగెడితే మా అమ్మ కూడా వంట ఆపి వస్తుంది. ఆమెను కనిపెట్టిన కోచ్ లాంటి వాళ్లు జిల్లాకు ఒకరు ఉంటే చాలు.

మంచిర్యాల_మాజీ
నేను చెప్పేది కూడా అదే చెల్లె. ఒక్క కోచ్ ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. ఇన్ని జిల్లాల్లో ఎన్ని చోట్ల ఉన్నారు?

ఓరుగల్లు_10
అందుకే ముందు విగ్రహం పెట్టాలి. హనుమకొండ జేఎన్ఎస్ (నెహ్రూ స్టేడియం) ముందు రహీం సాబ్ విగ్రహం. రోజూ వాకింగ్‌కు వచ్చేవాళ్లందరూ చూస్తారు, పిల్లలు అడుగుతారు.

చౌరస్తా_లెఫ్ట్‌బ్యాక్
విగ్రహం డబ్బులతో గోల్‌పోస్టులకు నెట్లు, పిల్లలకు బూట్లు కొనండి. మేము ఆడే చోట గోల్ పడిందో పక్కనుంచి పోయిందో తేల్చుకోవడానికే సగం ఆట పోతుంది.

కరీంనగర్_పాత_పేపర్లు
గౌరవం అసలే లేదనలేం. దేశంలోని క్లబ్బులు ఆడిన ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్ అవార్డుకు ఆయన పేరే పెట్టారు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో, అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. కానీ పద్మ పురస్కారం ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ బాధే. ఆయన చేతిలో ఆడిన చునీ గోస్వామికి, పీకే బెనర్జీకి పద్మశ్రీలు వచ్చాయి, వాళ్లు అర్హులే. వాళ్లను తీర్చిదిద్దిన గురువుకు రాలేదు.

సుబేదారి_శ్రీను
జకార్తా ఫైనల్ కథ ఎవరైనా పూర్తిగా చెప్పండి. ముక్కలు ముక్కలుగా విన్నా.

కరీంనగర్_పాత_పేపర్లు
చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో మన ప్రధాన డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే ఇంటికి పంపేవాడు. రహీం సాబ్ అతన్ని సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. డిఫెండర్‌ను, తలకు కట్టుతో! దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ కొరియాతోనే. బయట పరిస్థితి ఘోరంగా ఉంది. ఆ ఆటలకు ఇజ్రాయెల్, తైవాన్ టీమ్‌లను ఇండోనేషియా రానివ్వలేదు. మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధి దాన్ని తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం కోపం మొత్తం మన వాళ్ల మీదికి మళ్లింది. బస్సులో పోతుంటే రాళ్లు పడతాయన్న భయంతో తలపాగా ఉన్న జర్నైల్ కిటికీకి కనపడకుండా కింద కూర్చున్నాడంటారు. స్టేడియంలో దాదాపు లక్ష మంది, మన జాతీయ గీతానికి కూడా అల్లరి. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మన కోసం కేకలు వేశారని మన టీమ్ వాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. ముందు రాత్రి టీమ్‌ను కూర్చోబెట్టి, రేపు మీరు నాకొక కానుక ఇవ్వాలి, బంగారు పతకం, అని అడిగారంట. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ గోల్. కొరియా ఆఖర్లో ఒకటి కొట్టింది. 2-1. మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన టీమ్ మీదే.

సుబేదారి_శ్రీను
ఒళ్లు గగుర్పొడిచింది అన్నా. రేపు మా తమ్ముళ్లకు ఇది చదివి వినిపిస్తా.

లెక్క_తేలాలి
ఇందులో నేను ఒక్క అంకె కూడా దిద్దను. జర్నైల్‌ను ముందుకు పంపడం ఒక్కటి చాలు ఆయన బుర్ర ఎలాంటిదో చెప్పడానికి. గాయపడ్డ మనిషిలో ఇంకా ఏం మిగిలి ఉందో చూశాడు.

మామునూర్_మిడ్‌ఫీల్డ్
ఇంకో విషయం ఎవరూ గమనించలేదు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్‌లో నెవిల్ హ్యాట్రిక్. ఆ టీమ్‌లో ఉన్న మన వాళ్లు ఒక రాష్ట్రం ఆటగాళ్లుగా విమానం ఎక్కి ఇంకో రాష్ట్రానికి తిరిగొచ్చినట్టు. రాష్ట్రాల టీమ్‌లు ఆడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరుతో వరుసగా రెండేళ్లు గెలిచారు, 1956-57, 1957-58. రెండుసార్లూ ఫైనల్‌లో బొంబాయినే ఓడించారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి. ఆ తర్వాత మనకు ఆ కప్పు ఊసే లేదు. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఆఖరి రౌండ్ హైదరాబాద్‌లోనే జరిగింది, బెంగాల్ గెలిచి తీసుకుపోయింది.

చౌరస్తా_లెఫ్ట్‌బ్యాక్
ఆయన పోగానే అంతా ఒక్కసారి కూలిపోయిందా మరి?

మామునూర్_మిడ్‌ఫీల్డ్
ఒక్కసారి కాదు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం వచ్చింది. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, కోచ్ బాషా, ఇద్దరూ హైదరాబాదీలే. మహమ్మద్ హబీబ్ అందులో ఆడాడు. అదే హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఉన్న న్యూయార్క్ క్లబ్బు కాస్మోస్ మీద ఆడాడు, మ్యాచ్ 2-2. రహీం సాబ్ కొడుకు హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నాడు, తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యాడు. అంటే రహీం సాబ్ వేసిన బాట ఇంకో పదిహేనేళ్లు నడిచింది. కానీ మంచి ఆటగాళ్లందరూ డబ్బుల కోసం కలకత్తా పోయారు. ఇక్కడ కొత్తవాళ్లను వెతికే మనిషి లేడు. సిటీలో మైదానాలు తగ్గాయి. క్రికెట్ వచ్చి మిగిలింది తినేసింది.

నిజామాబాద్_వింగ్
హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పుడు మళ్లీ రోజులొచ్చాయి అనుకున్నా. మనోలో మార్కెజ్ కోచ్‌గా. ఫైనల్‌లో పెనాల్టీల్లో కేరళను కొట్టినప్పుడు మా వీధిలో పటాకులు కాల్చాం. 2025లో ఆ టీమే ఢిల్లీకి పోయింది. మన పేరు మీద ఉన్న ఒక్క పెద్ద టీమ్ కూడా పోయింది.

మంచిర్యాల_మాజీ
క్లబ్బులు వస్తాయి, పోతాయి. యజమాని ఇష్టం. బడుల్లో ఆట ఉంటే ఎవరూ ఎత్తుకుపోలేరు.

హనుమకొండ_పీఈటీ
మాజీ అన్నా, ఇందాక మీరు ఆట మన దాకా రాలేదన్నారు, ఇప్పుడు బడుల్లో ఉండాలి అంటున్నారు. రెండూ కలిపి చూస్తే నాకు దారి కనిపిస్తోంది. నేను విగ్రహం పెట్టించలేను, పద్మ అవార్డు ఇప్పించలేను. పాత పేపర్లు అన్న రాసిన టోర్నమెంట్ మాత్రం పెట్టగలను. దానికి స్టేడియం అక్కర్లేదు, మా స్కూల్ గ్రౌండ్ చాలు. ఏడుగురు ఏడుగురుగా. మొదటి సగం డ్రిబ్లింగ్ లేకుండా, రెండో సగం బలహీనమైన కాలితోనే. రహీం సాబ్ పేరు మీద. సంక్రాంతి సెలవుల ముందు పెడదాం. ఏమంటారు?

గోదావరిఖని_గోలీ
నేను ముందే పేరు ఇచ్చాను, మర్చిపోకండి. మా వైపు నుంచి ఒక టీమ్ తెస్తా.

తొర్రూర్_అమ్మాయి
ఆడపిల్లల టీమ్‌లు ఉంటేనే నా సాయం. ఉంటే నేను వచ్చి రెండు రోజులు ఉంటా, పిల్లలను నేనే దగ్గరుండి చూసుకుంటా.

హనుమకొండ_పీఈటీ
ఉంటాయమ్మా. మా బడిలోనే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు అబ్బాయిలకంటే బాగా పాస్ ఇస్తారు. మగపిల్లలకు ఎన్ని మ్యాచ్‌లో వాళ్లకూ అన్నే.

చౌరస్తా_లెఫ్ట్‌బ్యాక్
డ్రిబ్లింగ్ లేదంటే ఎన్ని టచ్‌లు? ఒకటేనా? ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకటి కష్టం, ఆట ముందుకే పోదు.

మామునూర్_మిడ్‌ఫీల్డ్
రెండు పెట్టండి. ఒకటి ఆపడానికి, ఒకటి ఇవ్వడానికి. మూడో టచ్ పడితే బంతి అవతలి వాళ్లది.

కాజీపేట_లోకో
బూట్లు లేని పిల్లలను ఆపొద్దు సార్. ఒక టీమ్‌లో సగం మందికి ఉండి సగం మందికి లేకపోతే దెబ్బలు తగులుతాయి కాబట్టి, అందరూ కాన్వాస్ బూట్లతో లేదా అందరూ ఉత్త కాళ్లతో అని పెట్టండి. నేను కాన్వాస్ బూట్లు కొన్ని జతలు పోగుచేస్తా. బాపును ముందు వరుసలో కూర్చోబెడతా, పోలీస్ టీమ్ కథలు ఆయన చెప్తాడు.

మంచిర్యాల_మాజీ
ఆసిఫాబాద్ వైపు నుంచి టీమ్ తేవాలంటే రానూపోనూ ఖర్చు, రాత్రి ఉండే చోటు చూడాలి. అది కుదిరితే నేను తెస్తా. దూరం పిల్లలకు దారి ఖర్చు ముందు తీయండి, కప్పు తర్వాత కొనొచ్చు.

జనగామ_టు_సికింద్రాబాద్
దారి ఖర్చు నా మీద వేయండి.

హనుమకొండ_పీఈటీ
లెక్క_తేలాలి అన్నా, మీరు రెఫరీగా ఉంటారా? మీ కన్ను తప్పించుకునేది ఏదీ లేదు.

లెక్క_తేలాలి
ఉంటా. ఒకే షరతు. ఏ పిల్లవాడిది ఏ కాలో టీమ్‌ల వారీగా పేర్లతో ముందే రాసి పంపండి. ఎడమ కాలి వాళ్లకు విడిగా రంగు పట్టీ కట్టాలి. లేకపోతే రెండో సగం మొదటి నిమిషం నుంచే నా చుట్టూ చేరతారు.